లిఫ్టులో ఇరుక్కుంటే ఆరు నొక్కండి

మనిషన్నాక ఎప్పుడో ఒకప్పుడు లిఫ్టులో ఇరుక్కుంటాడు. అందులో వింతేమీ లేదు. కానీ లిఫ్టులు బాగుచేసే కంపెనీ నడిపేవాడు, తన కంపెనీ చూసుకునే లిఫ్టులోనే ఇరుక్కుని, తన కంపెనీకే ఫోన్ చేసి, తన కంపెనీ చేతే మూడుసార్లు ఫోన్ పెట్టేయించుకున్న వైనం మీరెక్కడా విని ఉండరు. ఎవరు తీసిన గోతిలో వాళ్లే పడతారంటారు. నేను గొయ్యి తీయడమే కాదు, దానికి ఏడాది మెయింటెనెన్స్ కాంట్రాక్టు కూడా రాసుకున్నాను. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. మూడేళ్లయినా నాకు మాత్రం ఆ నవ్వు గొంతు దాటి రావడం లేదు.

నాచారంలో మల్లాపూర్ వెళ్లే రోడ్డు మీద, ఒక హార్డ్‌వేర్ షాపు పైన, రెండో అంతస్తులో మా ఆఫీసు. లిఫ్టుల కంపెనీయే గానీ ఆ బిల్డింగుకు లిఫ్టు లేదు. మెట్లెక్కి ఆయాసపడుతూ వచ్చినవాళ్లకు ముందు మంచినీళ్లిచ్చి, ఆ తర్వాత మా లిఫ్టుల గొప్పలు చెప్పేవాళ్లం. కంపెనీ పెట్టింది మా మేనమామ. ఆయన సర్కారు ఫ్యాక్టరీలో ఇంజనీరుగా చేసి, బయటికొచ్చాక ఉప్పల్, హబ్సిగూడ, మౌలాలి చుట్టుపక్కల అపార్ట్‌మెంట్ల లిఫ్టులు చూసుకోవడం మొదలుపెట్టాడు. మోకాళ్లు అరిగాక నన్ను పిలిచి కుర్చీ అప్పగించాడు. అప్పుడు నాకు ముప్పై ఒకటి. ఎంబీయే చదివిన పొగరు నెత్తికెక్కి, దిగే దారి తెలియక అక్కడే ఉంది.

కుర్చీతో పాటు మామ నాకు స్వరూపక్కను, ఒక నియమాన్ని కూడా అప్పగించాడు. స్వరూపక్కది భువనగిరి దగ్గర ఊరు. పదహారేళ్లుగా మా ఆఫీసులో ఫోన్ ఎత్తేది ఆమే. నియమం ఏమిటంటే, లిఫ్టులో ఇరుక్కున్న మనిషి ఫోన్ చేస్తే, తలుపు తెరుచుకునేదాకా మనం ఫోన్ పెట్టకూడదు. ఒక చెవి దగ్గర ఇరుక్కున్న మనిషి, ఇంకో చెవి దగ్గర మెకానిక్. మధ్యలో స్వరూపక్క.

ఆమె మాట్లాడే తీరు మీరు వినాలి. అవతల ఎవరో ముసలమ్మ చీకట్లో గజగజలాడుతుంటే, ఈమె తాపీగా ఇవాళ ఏం కూర వండారని అడిగేది. బెండకాయ అంటే జిగురు పోవడానికి ఏం చేస్తారని అడిగేది. ఆ జిగురు సంగతి తేలేలోపు మెకానిక్ వచ్చి తలుపు తీసేవాడు. ఆమె దగ్గర ఒక లావుపాటి నోటుబుక్కు ఉండేది. అట్టలు ఊడిపోతే సంచి గుడ్డతో కుట్టుకుంది. ఏ అపార్ట్‌మెంటులో పైన మిషన్ రూమ్ తాళం ఎవరి దగ్గర ఉంటుంది, ఏ ఇంట్లో పెద్దాయనకు గుండె జబ్బు, ఏ పిల్లకు చీకటంటే భయం, అన్నీ అందులో రాసుండేవి.

ఇంత చక్కగా నడుస్తున్న దాంట్లో నేనెందుకు వేలు పెట్టానంటారా? కారణం లేకపోలేదు. ఒకరోజు రామంతాపూర్‌లో ఇరుక్కున్న ఒకావిడతో స్వరూపక్క నలభై నిమిషాలు మాట్లాడుతుంటే, బోడుప్పల్ నుంచి ఒక బిల్డరు కొత్త లిఫ్టు కోసం ఫోన్ చేసి, లైను దొరక్క వేరేవాళ్లకు ఇచ్చేశాడు. బుద్ధున్నవాడైతే ఇంకో ఫోను కొని, ఇంకో మనిషిని పెట్టుకునేవాడు. నేను చదువుకున్నవాణ్ణి కదా, కాల్ సెంటర్ సాఫ్ట్‌వేర్ కొందామనుకున్నాను.

ముగ్గురిని పిలిపించాను. మొదట వచ్చినావిడ హబ్సిగూడలో చిన్న కంపెనీ నడుపుతోంది. కూర్చోగానే రోజుకెన్ని కాల్స్ వస్తాయని అడిగింది. నలభై దాకా అన్నాను. అందులో లిఫ్టులో ఇరుక్కున్నవి ఎన్ని అని అడిగింది. ఒకటో రెండో అన్నాను. ఆమె లాప్‌టాప్ తెరవకుండానే, "నలభై కాల్స్‌కి మీకిదెందుకు సార్? ఇంకో లైను తీసుకోండి, చాలు. ఆ ఒకటి రెండు కాల్స్ మాత్రం మిషన్‌కి ఇవ్వకండి" అంది. పాపం, తన సరుకు తానే అమ్ముకోలేని మనిషి, వ్యాపారంలో ఎలా పైకొస్తుందోనని జాలిపడి టీ ఇప్పించి పంపించాను. ఇన్నేళ్లలో నాకు ఉచితంగా దొరికిన ఒకే ఒక్క మంచి సలహాకు నేను కట్టిన విలువ ఒక కప్పు టీ.

రెండో అతను తెచ్చింది బాగానే ఉంది గానీ స్క్రీను బూడిద రంగులో ఉంది. బూడిద రంగు నాకు నచ్చలేదు. అవును, అదే కారణం. దాచడమెందుకు?

మూడో అతని పేరు ప్రశాంత్. అతని స్క్రీను తెరవగానే బతుకమ్మ పేర్చినట్టు రంగురంగుల గుండ్రాలు. ఒకటి తిరుగుతోంది, ఒకటి నిండుతోంది, ఒకటి ఆకుపచ్చ నుంచి ఎరుపుకు మారుతోంది. ఏది ఏం చెబుతుందో అర్థం కాలేదు కాబట్టి చాలా గొప్పదనుకున్నాను. పైగా ఫోన్లు ఎత్తే మనుషులు కూడా వాళ్లవాళ్లేనట. ఎక్కడో వేరే ఊళ్లో కూర్చుని, మనం రాసిచ్చింది స్క్రీను మీద చూసి చదువుతారట. నేను అతన్ని ఒకే ఒక్క ప్రశ్న అడిగాను.

"ఇది పెద్ద టీవీలో కనబడుతుందా?"

"ఎంత పెద్ద టీవీలోనైనా కనబడుతుంది సార్."

అంతే, తీసేసుకున్నాను. పెళ్లిచూపుల్లో పిల్లను వదిలేసి గోడకున్న గడియారాన్ని మెచ్చుకుని సంబంధం ఖాయం చేసుకున్నవాడు ఎవడైనా ఉంటే, వాడు నాకు అన్న అవుతాడు.

తర్వాత ప్రశాంత్ ఒక ఫారం నింపించాడు. ఫోన్ చేసినవాళ్లకు ఏ నంబరు నొక్కితే ఏం రావాలో వరస చెప్పమన్నాడు. కొత్త లిఫ్టు కొనేవాళ్లను ఒకటిలో పెట్టాను. పాత లిఫ్టుకు మెరుగులు రెండు. కాంట్రాక్టు మూడు. బిల్లులు నాలుగు. ఆఫర్లు ఐదు. లిఫ్టులో ఇరుక్కున్నవాళ్లు ఆరు. వాళ్లెటూ ఎక్కడికీ పోలేరు కదా అని నేను జోకు వేశాను కూడా. ప్రశాంత్ నవ్వాడు. వాడికి జీతమిచ్చేదే అందుకు.

చివర్లో ఒక గడి మిగిలింది. ఒక్కో కాల్ ఎంతసేపటికి తనంతట తానే కట్ అవ్వాలి? పెద్ద కంపెనీలు మూడు నిమిషాలు పెడతాయని ప్రశాంత్ అన్నాడు. మనది పెద్ద కంపెనీ కావాలి కాబట్టి నేను నా చేత్తోనే మూడు అని రాశాను. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, నన్ను ఉరి తీసిన తాడు ఇదే.

గోడకు టీవీ తగిలించి, కొబ్బరికాయ కొట్టి, అందరికీ మైసూర్‌పాక్ పంచాను. స్వరూపక్క మైసూర్‌పాక్ చేతిలో పట్టుకునే ఆ గుండ్రాల వంక చూసి, ఒక్క ప్రశ్న అడిగింది.

"సీనూ, తలుపు తెరుసుకోకముందే మూడు నిమిషాలైతే?"

"కాల్ పోతది. మళ్ల జేస్తరు."

"మళ్ల జేస్తే నాకే వస్తదా?"

"ఎవరు ఖాళీగుంటే వాళ్లకు పోతది. సిస్టం అక్కా, అట్లనే ఉంటది."

ఆమె మైసూర్‌పాక్ కాగితంలో చుట్టి సంచిలో పెట్టుకుంది.

నెల తిరిగేసరికి రిపోర్టు వచ్చింది. వేరే ఊరి వాళ్లందరూ ఆకుపచ్చలో ఉన్నారు. అట్టడుగున, ఎర్రగా, స్వరూపక్క. ఆమె చేసిన నేరం ఏమిటంటే, మూడు నిమిషాలకు కాల్ కట్ అయిన ప్రతిసారీ తన సొంత ఫోన్ తీసి, ఇరుక్కున్న మనిషికి మళ్లీ చేసి మాట్లాడేది. ఆ మాటలు సిస్టంకు కనబడవు కాబట్టి, అంతసేపూ ఆమె ఖాళీగా కూర్చున్నట్టే లెక్క. నాకు నిజం తెలుసు. ఆమె మాట్లాడటం నేను నా కళ్లతో చూశాను. అయినా టీవీలో ఎర్రగా కనబడుతున్న మనిషిని ఎదురుగా ఉన్న మనిషి కంటే ఎక్కువ నమ్మాను. ఇది రాస్తుంటే ఇప్పటికీ చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది.

రిపోర్టు ప్రింటు తీసి ఆమె ముందు పెట్టాను. పద్ధతి మార్చుకోవాలని, లేదంటే ఫోన్ల పని వదిలి బిల్లుల పని చూసుకోవాలని, ఎంబీయేలో నేర్పిన మెత్తటి గొంతుతో చెప్పాను. ఆమె ఆ కాగితం మొత్తం చదివింది.

"తలుపు తెరుసుకోకముందు ఫోన్ వెట్టుడు నాతోని గాదు సీనూ. మీ మామకు మాటిచ్చిన" అని లేచింది. నోటుబుక్కు టేబుల్ మీద పెట్టి, "ఇది కంపెనీది. పైలంగ ఉంచు" అని మెట్లు దిగి వెళ్లిపోయింది. నేను ఆపలేదు. పైగా ఆ నెల రిపోర్టు మొత్తం ఆకుపచ్చగా వస్తుందని లోపల్లోపల సంతోషించాను. మామ ఫోన్ చేసి అడిగితే, ఆమెకే ఇష్టం లేక మానేసిందని అబద్ధం చెప్పాను.

ఆ దసరాకు ఆఫీసు సర్దుతూ పాత కాగితాలన్నీ తూకానికి కొనేవాడికి వేశాను. నోటుబుక్కు కూడా వేశాను. పైలంగా, అంటే జాగ్రత్తగా ఉంచమంది కదా, నాకేమో అది చెత్తలా కనబడింది.

ఇక ఆ రోజుకు వద్దాం. ఉప్పల్‌లో మెట్రో స్టేషన్ వెనక వీధిలో ఐదంతస్తుల అపార్ట్‌మెంటు. అక్కడి సంఘం ప్రెసిడెంటు మూర్తి గారు, రిటైరైన సైంటిస్టు, డెబ్భై దాటిన మనిషి, గుండెకు స్టెంటు వేయించుకున్నారు. ఊరు కాకినాడ వైపు. మా ఫోన్లు బాలేవని రెండుసార్లు ఉత్తరం రాశారు. కాంట్రాక్టు గడువు దగ్గరపడింది కాబట్టి ఆయన్ను ఒప్పించి సంతకం పెట్టించుకుందామని నేనే వెళ్లాను. కింద కలిసి, ఐదో అంతస్తులో ఆయన ఫ్లాట్‌కు ఇద్దరం లిఫ్టెక్కాం. మా సాఫ్ట్‌వేర్ మహిమ నేను వర్ణిస్తుండగా, రెండుకూ మూడుకూ మధ్య లిఫ్టు ఒక మూలుగు మూలిగి ఆగిపోయింది.

నిజం చెప్పనా? నేను సంతోషించాను. దేవుడే డెమో ఏర్పాటు చేశాడనుకున్నాను.

"చూడండి సార్, ఇప్పుడే చూపిస్తా" అని ఫోన్ స్పీకర్‌లో పెట్టాను.

స్వాగతం అయింది. భాష ఎంచుకోవడం అయింది. కొత్త లిఫ్టు కొనడానికి ఒకటి, మెరుగులకు రెండు అంటూ ఆ రికార్డు గొంతు తిరుపతి క్యూలా కదిలింది. పండగ ఆఫర్ల దగ్గర కాసేపు ఆగింది కూడా. మూర్తి గారు నన్నూ, ఫోన్‌నూ మార్చి మార్చి చూశారు. ఆరు వచ్చేసరికి నిమిషమున్నర అయింది. ఆరు నొక్కాను. ఒకమ్మాయి వచ్చి, లిఫ్టు నంబరు పన్నెండు అంకెలు చెప్పమంది.

"ఆ నంబరు ఎక్కడుంటుందండీ?" అన్నారు మూర్తి గారు.

"కింద, లిఫ్టు తలుపు పక్కన స్టిక్కర్ మీద ఉంటది సార్."

"మనం లోపలున్నాం కదా. లోపల ఎందుకు అంటించలేదు?"

లోపల అంటిస్తే స్టీలు పాడవుతుందని బయట అంటించమన్నది నేనే. ఆ ముక్క చెప్పే ధైర్యం లేక, నేను ఈ కంపెనీ ఓనర్నమ్మా అని ఫోన్‌లో అమ్మాయికి చెప్పాను. ఆమె స్క్రీను మీద ఆ మాటకు జవాబు లేదు. పన్నెండు అంకెలు చెప్పండి సార్ అని మళ్లీ చదివింది. అంతలో మూడు నిమిషాలు నిండాయి. కాల్ కట్ అయింది.

రెండోసారి చేశాను. మళ్లీ స్వాగతం, మళ్లీ ఆఫర్లు, మళ్లీ ఆరు. ఈసారి ఒకతను వచ్చాడు. ఉప్పల్ అంటే ఏ జిల్లా అని అడిగాడు. చెప్పేలోపు కట్ అయింది. మూడోసారి మనిషి కూడా రాలేదు. ఇదే విషయమై మీరు ఇప్పటికే రెండుసార్లు ఫోన్ చేశారని, మీ ఫిర్యాదు పరిశీలనలో ఉందని, ఓపికకు ధన్యవాదాలని రికార్డు చెప్పి పెట్టేసింది.

మెకానిక్ యాదగిరికి నేరుగా చేశాను. అతను చర్లపల్లిలో ఉన్నాడు. "సిస్టం నుంచి కంప్లైంట్ టికెట్ రాలేదు సార్, టికెట్ లేకుంట కదిలితే హాజరు కట్ అయితదని మీరే అన్నరు" అన్నాడు పాపం. నేనే చెబుతున్నాను రమ్మన్నాను. బయలుదేరినా నలభై నిమిషాలు పడుతుందన్నాడు. పైన మిషన్ రూమ్ తాళం ఎవరి దగ్గరుందని అతనే అడిగాడు. నాకు తెలియదు. అది నోటుబుక్కులో ఉంది. నోటుబుక్కు ఏ మిర్చి బజ్జీల బండి దగ్గర పొట్లాలు అయిపోయిందో ఆ దేవుడికే తెలియాలి.

అప్పటికి మూర్తి గారు మాట్లాడటం మానేశారు. నుదురంతా చెమట. గోడకు చెయ్యి ఆనించి, ఊపిరి గట్టిగా తీసుకుంటున్నారు. నాకు మొదటిసారి భయం వేసింది. కాంట్రాక్టు పోతుందని కాదు. ఈ మనిషి నా కళ్ల ముందే పోతాడేమోనని. పెద్దగా అరిచి తలుపు బాదాను. నా అరుపులకు ఆయన ఇంకా బెదిరిపోయారు.

ఆయన జేబులోంచి తన ఫోన్ తీసి నాకందించారు. "స్వరూప గారి నంబరు ఇందులో ఉంది. పోయినసారి ఆవిడే నన్ను బయటికి తెచ్చారు. మీరు చేస్తారా, నన్ను చేయమంటారా?"

నేనే చేశాను. రెండో రింగుకు ఎత్తింది.

"మూర్తిసారూ, ఏమైంది?"

"అక్కా, నేను. సీనును."

పెట్టేస్తుందనుకున్నాను. పెట్టేసినా న్యాయమే.

"లిఫ్టుల ఇరుక్కున్నరా?"

"అవునక్కా. రెండుకు మూడుకు నడుమ."

"ఫోన్ సారుకియ్యి. నువ్వు సప్పుడు జెయ్యకు."

ఆయన్ను కింద కూర్చోబెట్టి కాళ్లు చాపుకోమంది. చొక్కా పై గుండీలు తీయమంది. తలుపు సందులోంచి గాలి వస్తుందని, చెయ్యి పెట్టి చూడమంది. ఆయన చెయ్యి పెట్టి చూసి, వస్తోందమ్మా అన్నారు. తర్వాత బాల్కనీలో కరివేపాకు మొక్క ఎంత పెరిగిందని అడిగింది. పురుగు పట్టిందని ఆయన చెప్పారు. పుల్లమజ్జిగ చల్లాలని ఆమె, చల్లానని ఆయన. మధ్యలో ఇంకో ఫోన్‌లో ఎవరితోనో ఆమె మాట్లాడటం నాకు లీలగా వినిపించింది. తాళం ఎదురు కిరాణా కొట్టులో, చక్కెర డబ్బా వెనక మేకుకు ఉంటుందట. వాచ్‌మన్‌ను పైకి పంపి, బ్రేకు వదిలి చక్రం ఎటు తిప్పాలో గుర్తుచేసింది. ప్రతి వాచ్‌మన్‌కూ మామ ఎప్పుడో ఆ పని నేర్పించాడు. నేనొచ్చాక దండగని మాన్పించాను.

మజ్జిగ సంగతి అయ్యి, మిరప మొక్కల దగ్గరికొచ్చేసరికి లిఫ్టు కదిలింది. రెండో అంతస్తు దగ్గర ఆగింది. వాచ్‌మన్ తలుపు లాగాడు.

"తెరుసుకుందా?" అంది స్వరూపక్క.

"తెరుచుకుందమ్మా."

"అయితే ఫోన్ వెడుతున్న సారూ."

అప్పుడు పెట్టింది. ఇరవై రెండు నిమిషాలు. టీవీలో అయితే ఎంత ఎర్రగా కనబడేదో.

మూర్తి గారు మెట్ల మీద కూర్చుని మంచినీళ్లు తాగి, నా చేతిలోని కాంట్రాక్టు కాగితాలు తీసుకుని, మడతపెట్టి నా జేబులోనే పెట్టారు. "ఆవిడ మీ దగ్గర లేరు కదా బాబూ" అన్నారు.

మర్నాడు ఆమెను వెతుక్కుంటూ వెళ్లాను. నాచారంలోనే ఒక రక్తపరీక్షల ల్యాబులో కౌంటరు దగ్గర కూర్చుంటోంది. సూదంటే భయపడుతున్న ఒక పెద్దమనిషితో ఏం కూర తిన్నారని అడుగుతోంది. ఆయన చేతికి దూది పెట్టేదాకా నేను నిలబడ్డాను. తప్పయిందన్నాను. టీవీ తీసేస్తానన్నాను, సాఫ్ట్‌వేర్ తీసేస్తానన్నాను, మళ్లీ రమ్మన్నాను.

ఆమె కోప్పడలేదు. వచ్చేలాగే కనబడింది.

"సరే వస్త. నా నోటుబుక్కు ఉన్నదా?"

నేను తల దించుకున్నాను. నా మొహం చూసి ఆమెకు అర్థమైపోయింది. పదహారేళ్లు రాసిన పుస్తకం అది.

"ఇగ నేనొచ్చి ఏం జేయాలె సీనూ" అని, వరసలో తర్వాత ఉన్న మనిషిని పిలిచింది.

మెట్లు దిగి రోడ్డు మీదికొచ్చేసరికి నా ఫోన్‌కు మా కంపెనీ నుంచే ఒక మెసేజి వచ్చి ఉంది. మీ సమస్య విజయవంతంగా పరిష్కరించబడినది. మాట్లాడిన సమయం మూడు నిమిషాలు. మా సేవకు ఎన్ని స్టార్లు ఇస్తారు?

ఐదు ఇచ్చాను. వాళ్ల తప్పేముంది, నేను రాసిచ్చిందే కదా చేశారు.

కాబట్టి, ఉప్పల్ రింగురోడ్డు మీద నిలబడి, వచ్చేపోయే సిటీ బస్సుల సాక్షిగా ప్రమాణం చేసి చెబుతున్నాను: రంగుల గుండ్రాలు చూసి ఈ జన్మలో దేన్నీ కొనను. తన సరుకు కొనొద్దని చెప్పిన మనిషికి టీతో పాటు దండం కూడా పెడతాను. ఇప్పుడు ఫోన్ నేనే ఎత్తుతున్నాను, తలుపు తెరుచుకునేదాకా పెట్టడం లేదు. బెండకాయ జిగురు గురించి నాకు ఇప్పుడు చాలా తెలుసు. కొత్త నోటుబుక్కు కూడా కొన్నాను. దాని మొదటి పేజీలో ఇలా రాసి ఉంటుంది: ఉప్పల్, మెట్రో వెనక, మూర్తి గారు. గుండె జబ్బు. మొక్కల గురించి అడగాలి. తాళం ఎదురు కిరాణా కొట్టులో, చక్కెర డబ్బా వెనక. ఇప్పుడు మన లిఫ్టు కాదు.